ట్రంకుపెట్టెలోంచి వచ్చిన స్వెటర్

కార్తీకం వచ్చిందంటే మా ఇంట్లో ట్రంకుపెట్టె దించుతారు. మూత ఎత్తగానే స్వెటర్ల కంటే ముందు వాసన బయటికి వస్తుంది. ముక్కుపుటాలను గుచ్చే నాఫ్తలీన్ ఉండల వాసన. చాలా ఇళ్లలో వీటిని కలరా ఉండలనే అంటారు. నిరుడు గోలీల్లా ఉన్నవి ఇప్పుడు శనగగింజంత మిగిలాయి. పెట్టె మూలన వేసిన ఒకటైతే జాడే లేదు. అదంతా ఎక్కడికి పోయిందో స్వెటర్ చెయ్యి వాసన చూస్తే చాలు, తెలిసిపోతుంది.

మూత తీసి ఉంచిన డబ్బాలో కర్పూరం ఎలా తరిగిపోతుందో నాఫ్తలీన్ కూడా అంతే. కరిగి నీరు కాకుండానే ఆవిరవుతుంది. బడిలో దీన్నే ఉత్పతనం అని చదువుకున్నాం. కరగాలంటే దానికి 80 డిగ్రీల వేడి కావాలి, గాలిలో కలవడానికి మాత్రం గది వేడి చాలు. మూసిన పెట్టెలో ఆ ఆవిరికి వేరే దారి లేక ఉన్నిని పట్టుకుంటుంది.

ఉన్ని అంటే గొర్రె వెంట్రుకే. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని పైభాగం పెంకుటింటి కప్పులా ఉంటుంది, పొలుసు మీద పొలుసు. పొలుసుల మీద పలచని కొవ్వు పొర ఉంటుంది. వానచినుకులు గొంగడి మీద పడగానే ఇంకిపోకుండా జారేది అందుకే. లోపల ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్ స్వభావం దీనికి పూర్తిగా వేరు. అది నీటిఆవిరిని ఆబగా పీల్చుకుంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను దాచుకున్నా చేతికి తడి తగలదు. తేమతో పాటు చెమట వాసన, పొగ వాసన, నాఫ్తలీన్ కూడా అక్కడే చేరతాయి.

వానలో తడిసిన గొంగడి దగ్గర నిలబడినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు లేని వాసన తడవగానే గుప్పున కొడుతుంది. నీటి అణువులు లోపలికి చొరబడి, అప్పటిదాకా అక్కడ అంటిపెట్టుకుని ఉన్న వాసన అణువులను బయటికి నెడతాయి. తడి ఆ వాసనను కొత్తగా పుట్టించడం లేదు, దాగి ఉన్నదాన్ని ఖాళీ చేయిస్తోంది. స్వెటర్ వాసన పోగొట్టడానికి నేను నమ్ముకున్నది ఈ గుణాన్నే.

వేడినీళ్ల స్నానం అయ్యాక, గది నిండా ఆవిరి ఉండగానే స్వెటర్‌ను లోపల తగిలిస్తాను. అరగంట తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ముందటి కంటే ఘాటుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి సెంటు కొడతారు. అలా చేస్తే ఒక వాసనకు రెండు వాసనలవుతాయి. అప్పుడు కావలసింది గాలి. వరండాలో నీడపట్టున, గాలి ఆడేచోట, తీగ మీద కాకుండా మంచం మీద పరచాలి. తీగ మీద వేస్తే స్వెటర్ సాగిపోతుంది. మర్నాడు మళ్లీ ఆవిరి, మళ్లీ గాలి. ఎర్రటి ఎండలో గంటల తరబడి వదిలేస్తే తెల్ల ఉన్ని పసుపురంగుకు తిరుగుతుంది.

ఒక్క ఉతుకుతో నాఫ్తలీన్ పోదు, అది నీళ్లలో కరిగేది చాలా తక్కువ. చెమట వాసనకైతే ఉతకడమే మేలు. అయితే గోరువెచ్చని నీళ్లు, ఉన్ని కోసం తయారుచేసిన ద్రవ సబ్బు వాడి, మెల్లగా ముంచి తీయాలి. మామూలు సబ్బుపొడిలోని క్షారం కెరాటిన్‌ను దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ ద్రావణమైతే ఉన్నిని ఏకంగా కరిగించేస్తుంది. వేడినీళ్లలో వేసి రుద్దితే పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని, పెద్దవాళ్ల స్వెటర్ పిల్లల కొలతకు వస్తుంది.

చంటిపిల్లల విషయంలో మాత్రం నేను ఏమాత్రం రాజీపడను. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు మన దేశంలో చాలామంది ఉన్నారు. నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే వాళ్ల ఎర్రరక్తకణాలు పగిలిపోయి, ప్రమాదకరమైన కామెర్లు రావచ్చు. నాఫ్తలీన్ నూనెలో సులువుగా కరుగుతుంది కాబట్టి నూనె రాసిన చర్మం గుండా మరింత తేలిగ్గా లోపలికి వెళ్తుంది. మనమేమో నూనె పెట్టి మర్దన చేసి, స్నానం చేయించి, పెట్టెలోంచి తీసిన ఊలు టోపీ అప్పటికప్పుడు తొడుగుతాం! పెద్దపిల్లకు అల్లిన స్వెటర్ చిన్నపిల్లకు ఎంత ముచ్చటగా ఉన్నా, అది నాఫ్తలీన్‌తో దాచినదైతే పక్కన పెట్టేయండి.

అసలు ఆ ఉండలు దేనికి? ఉన్నిని తినే చిమ్మట పురుగు కోసం. తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని గొంగళిపురుగు. దానికి చెమట, తిండి మరకలు అంటిన ఉన్ని అంటే మరీ ఇష్టం. అందుకే చలికాలం పోగానే స్వెటర్లు ఉతికి, చెమ్మ లేకుండా ఆరబెట్టి, గాలి చొరబడని సంచిలో మూతి బిగించి దాస్తున్నాం. ఈ ఏడు మా పెట్టెలో ఉండలు వేయడం లేదు.