తిరిగే చక్రం, కదలని బండి

బెంగళూరు కేఆర్ పురంలో మా చిన్నాన్న తన పికప్పు, అంటే వెనక తొట్టి ఉన్న బండి, సర్వీసుకిచ్చే గ్యారేజీ ఒకటుంది. అక్కడి మెకానిక్‌ది మదనపల్లె. మొన్న బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు నన్ను పిలిచి, "ఆ ఎడమ పక్క వెనక చక్రాన్ని ముందుకి తిప్పి చూడన్నా" అన్నాడు. బండి గేరులోనే ఉంది, నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతున్నాయి. ఒంటి చేత్తో తిప్పాను. అవతల కుడి చక్రం వెనక్కి తిరిగింది. నేను ఆపితే అదీ ఆగింది. వేగంగా తిప్పితే అంతే వేగంగా ఎదురు తిరిగింది.

పికప్పు కొనాలనుకునేవాళ్లు ముందుగా ఇంజను సంగతి అడుగుతారు. బెంగళూరు దగ్గర బిడదిలో తయారయ్యే టొయోటా హైలక్స్ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా అదే ప్రశ్న. నా మటుకు, బురదలో బండి బయటపడుతుందా లేదా అన్నది ఆ రెండు చక్రాల మధ్య ఉన్న ఇనుప గుండులోనే తేలుతుంది. డిఫరెన్షియల్ అనేది అందులోనే ఉంటుంది.

అది ఎందుకు పుట్టిందో ఎద్దులబండిని చూస్తే తెలుస్తుంది. ఎద్దులబండిలో ఇరుసు తిరగదు, చక్రాలే దాని మీద వేటికవి తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. దేని దారి దానిది కాబట్టి ఇబ్బంది లేదు. ఎంత తేడా అంటారా? రెండు చక్రాల మధ్య మీటరున్నర ఎడం ఉందనుకోండి. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చిన్న వాకిట్లో తిరిగినా, పెద్ద మైదానంలో తిరిగినా ఆ తేడా మారదు. ఇంజనుతో నడిచే బండిలో చిక్కేమిటంటే, రెండు చక్రాలనీ తిప్పాలి, అయినా వాటి వేగాలు వేరుగా ఉండనివ్వాలి. డిఫరెన్షియల్‌లోని పళ్లచక్రాలు చేసేది ఈ పనే.

తారు రోడ్డు మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. బురదలో ఇదే మనల్ని ముంచుతుంది. ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే, పట్టున్న రెండో చక్రం కదలకుండా కూర్చుంటుంది. "బలమంతా జారే చక్రానికే పోతోంది" అంటారు చాలామంది. అది సరి కాదు. మామూలు డిఫరెన్షియల్ మెలితిప్పే బలాన్ని, అంటే టార్కుని, రెండు పక్కలకీ సమానంగానే పంచుతుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి ఎంత బలం కావాలి? గ్యారేజీలో నేను ఒంటి చేత్తో తిప్పినంత. గట్టి నేల మీదున్న రెండో చక్రానికి అందేదీ అంతే. రెండు టన్నుల బండి దానికి కదులుతుందా? హైలక్స్ ఆటోమేటిక్‌లో ఇంజను టార్కు 500 న్యూటన్ మీటర్లు. ఎదురు నిలిచేది లేకపోతే ఆ బలం పుట్టడానికే చోటుండదు.

ట్రాక్టరు నడిపే రైతుకి దీని విరుగుడు ఎప్పట్నుంచో తెలుసు. మళ్లో ఒక చక్రం దిగబడితే మడమ దగ్గరున్న పెడలు నొక్కుతాడు. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. పికప్పులో డిఫ్ లాక్ బటన్ అదే. పోయిన వానాకాలం శ్రీనివాసపురం మామిడితోటలో కాలువ దాటుతుంటే మా బండి వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచింది. ఎంత రేజింగిచ్చినా అదొక్కటే తిరిగింది. చిన్నాన్న ఆగి, లాకు వేసి, మెల్లగా యాక్సిలరేటరు తొక్కాడు. కుడి చక్రం మట్టిని పట్టుకుని బండిని ఎక్కించేసింది. లాకు లేని బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే, జారే చక్రానికి అదే బ్రేకు వేస్తుంది. ఆ చక్రం తిరగడం కష్టమైన కొద్దీ రెండోదానికీ బలం అందుతుంది. తెలివైన ఉపాయమే, కానీ ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి.

ఖాళీ పికప్పుకి ఈ లాకు మరీ అవసరం. వెనక కమాన్‌పట్టీలు బరువు మోయడానికి చేసినవి. తొట్టి ఖాళీగా ఉంటే వెనక భాగం తేలికై చక్రాలకి పట్టు తగ్గుతుంది. మామిడికాయల క్రేట్లు ఎక్కించాకే మా బండి నేలను కరుచుకుని నడుస్తుంది.

ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే ఫోర్ బై ఫోర్ కథ కూడా మలుపు కథే. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు కూడా సమాన దూరం పోవు. ఇలాంటి పికప్పుల్లో ముందు వెనకల మధ్య డిఫరెన్షియల్ ఉండదు, ఫోర్ బై ఫోర్ వేస్తే రెండూ ముడిపడతాయి. మట్టిలో చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. అదే గేరులో మారతహళ్లి దగ్గర ఎండిన రోడ్డు మీద యూ టర్న్ కొడితే స్టీరింగు బిగుస్తుంది, బండి వెనక్కి లాగినట్టు ఆగి ఆగి పోతుంది, లోపలి గేర్ల మీద భారం పడుతుంది. ఫోర్ బై ఫోర్‌లోనే ఉండే నెమ్మది గేరు, లో రేంజ్, పెడితే చక్రాల దగ్గర బలం రెండున్నర రెట్ల దాకా పెరుగుతుంది, వేగం అదే లెక్కన తగ్గుతుంది. ఏటవాలు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజనే బండిని పట్టి ఉంచడం దీని అసలు లాభం.

టైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక్కో టైరు మీద 500 కిలోల బరువుందనుకుందాం. 32 పీఎస్‌ఐ గాలి ఉంటే నేలకి ఆనే చోటు, ఉరామరిగా, రెండు సెల్‌ఫోన్లు పక్కపక్కన పెట్టినంత. 18కి దింపితే మూడున్నర ఫోన్లంత. బరువు పరుచుకుని ఇసుకలో కూరుకుపోవడం తగ్గుతుంది. వేలకు వేలు పోసి కొనే సామాను చాలావాటికన్నా పైసా ఖర్చులేని ఈ పని నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇక నీళ్లు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు మునిగినప్పుడు ఆఫీసులకి ట్రాక్టర్ల మీద వెళ్లినవాళ్లని ఊరంతా చూసింది. హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు దాకా దాటగలదని కంపెనీ చెబుతుంది, అంటే మనిషి తొడ సగం దాకా. అది నిదానంగా పోతేనే. వేగంగా దూకితే బానెట్ ముందు అల లేచి గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకొచ్చేసరికి దాన్ని మోసే కడ్డీ, కనెక్టింగ్ రాడ్, వంగిపోతుంది. స్నార్కెల్ ఆ గొట్టం నోటిని పైకప్పు దాకా ఎత్తుతుంది, అంతే. డోర్లనీ వైరింగునీ అది కాపాడదు.

ఇందులో ఎవరూ చూడని భాగం ఒకటుంది. డిఫరెన్షియల్ హౌసింగు మీద ఉండే సన్నటి బ్రీదర్ గొట్టం. చాలా దూరం నడిచి కాగిన హౌసింగు ఒక్కసారి చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, బయటి నుంచి పీల్చుకుంటుంది. గొట్టం మట్టితో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లే లోపలికొస్తాయి. తర్వాత నట్టు విప్పి చూస్తే ఆయిల్ పాలకాఫీ రంగులో కారుతుంది. మా బండికి ఆ రంగు చూశాకే నేను బ్రీదర్ గురించి తెలుసుకున్నాను.

బండ్ల సామాను అమ్మే జేసీ రోడ్డులో బంపరు ముందు తగిలించే ఇనుప బుల్ బార్లు కూడా చూపిస్తారు. వాటి జోలికి పోవద్దు. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన భాగాన్ని అవి నలగనివ్వవు, ఎయిర్‌బ్యాగుల పనికీ అడ్డొస్తాయి, ఎదుటి మనిషికి మరీ ప్రమాదం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని చట్టవిరుద్ధమని చెప్పింది.

ఆ రోజు తోట నుంచి తిరిగొస్తూ హైవే ఎక్కకముందే చిన్నాన్న లాకు తీసేశాడు, లీవరు టూ వీల్‌కి మార్చాడు. తర్వాత పంచరు షాపు ముందు ఆపాడు. "గాలి పట్టించకుండా రోడ్డెక్కొద్దురా నాయనా" అన్నాడు. మెత్తటి టైరు వేగంలో పక్కలకి నలుగుతూ వేడెక్కి పగులుతుంది. నాలుగింటికీ 32 పట్టించి, నేను వాల్వు మూతలు బిగించాక హొసకోట వైపు బయల్దేరాం.