మూడు తెల్లసొనల కథ

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి. బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

దసరాకి వచ్చినప్పుడు నా ప్లేట్లో మూడు గుడ్ల తెల్లసొన చూసి చిన్నా నిలదీశాడు కదా, "వేసవిలో అమ్మమ్మ ముద్దపప్పు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టావు, ఇప్పుడిదేంటి?" అని. ఇంతలో ఆటో వచ్చేసింది, సూర్యారావుపేటలో నా డయాలిసిస్ టైమైపోయింది. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

పప్పు, గుడ్డు, చేప, ఏది తిన్నా అందులోని ప్రోటీన్ అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఒంట్లో కండ పట్టేది వాటితోనే. వాడగా మిగిలిన వాటిలోని నైట్రోజన్‌ని కాలేయం యూరియాగా మారిస్తే, కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి. నా కిడ్నీలు మొరాయించాక ఆ యూరియా రక్తంలోనే ఉండిపోయేది. నోట్లో అదో రకం వాసన, అన్నం చూస్తేనే వికారం. అందుకే అప్పట్లో, డయాలిసిస్ మొదలవక ముందు, కిలో బరువుకి 0.6 గ్రాముల ప్రోటీన్ చాలన్నారు. నేను 60 కిలోలు, అంటే రోజుకి 36 గ్రాములు. అమ్మమ్మ కందిపప్పుని కంసాలిలా తూచి వండేది.

ఇదంతా అందరూ చెప్పేదే. కిడ్నీ అంటే ఉత్త జల్లెడ అనుకున్నాను ఇన్నాళ్లూ. అందులో ఓ చిన్న వంటిల్లు కూడా ఉందట! ఫినైల్ అలనిన్‌ని టైరోసిన్‌గా, గ్లైసిన్‌ని సెరీన్‌గా, సిట్రులిన్‌ని ఆర్జినిన్‌గా మార్చి ఒంటికి అందిస్తుంది. ఇవన్నీ అమైనో ఆమ్లాల పేర్లే. కిడ్నీ పాడైతే టైరోసిన్, సెరీన్ తగ్గిపోతాయి, సిట్రులిన్ పేరుకుపోతుంది.

ఆమ్లాన్ని బయటికి తోసే పనీ కిడ్నీదే. అది సాగకపోతే రక్తంలో ఆమ్లం పెరిగి, ఒళ్లు తన కండని తానే కరిగించుకుంటుంది. వాలీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలూ మామూలుకన్నా ఎక్కువ ఖర్చయిపోతాయి. నా పాత వాచీ గుర్తుందా? బెల్టు వదులైందని అమ్మమ్మ సూది కాల్చి ఓ చిల్లు పెట్టింది. కొన్నాళ్లకే ఇంకోటి పెట్టాల్సొచ్చింది. బరువు మాత్రం తగ్గలేదు, కాళ్లలో చేరిన నీరు ఆ తేడాని కప్పేసింది. డాక్టరమ్మ సోడా మాత్రలు రాసింది ఆ ఆమ్లాన్ని తగ్గించడానికే. బజ్జీల పిండిలో వేసే వంటసోడా సరుకే అది. అలాగని డబ్బాలోంచి చెంచాడు తీసి వేసుకోకూడదు!

ఇక డయాలిసిస్. మిషన్ యూరియాని తీసేస్తుంది, కానీ దానికి మంచీ చెడూ తెలియదు. నాలుగు గంటల్లో యూరియాతో పాటు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాల్నీ లాగేస్తుంది, అదీ వారానికి మూడుసార్లు. అందుకని ఇప్పుడు నాకు రోజుకి 60 నుంచి 72 గ్రాముల ప్రోటీన్ కావాలి. పక్కింటాయన ఇప్పటికీ గోడ మీంచి "కిడ్నీ జబ్బు కదా, గుడ్డు మానెయ్యండి" అంటూనే ఉంటాడు. ఆయనకి చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇప్పుడు తలూపి ఊరుకుంటున్నాను.

పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువని నాకు తెల్లసొనే పెడుతున్నారు. సంక్రాంతికి వస్తే పచ్చసొనలు మీవే. మూడు మిగులుతాయి, మీరిద్దరు. మూడోది ఎవరిదో ఇప్పుడే తేల్చుకుని రండి.

మీ
తాతయ్య