బండి నంబర్లతో ఒక ఆట

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే కొందరు ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. 40 సెకన్లు పడితే గంటకు 90 కిలోమీటర్లన్నమాట. నాకు మాత్రం బండి నంబర్ల పిచ్చి. సిగ్నల్ పడితే చాలు, ముందున్న బండి నంబరులోని అంకెలు కూడేస్తుంటాను.

ఈ అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. మొత్తం 9 రావాలని ఆర్టీఏ వేలంలో డబ్బు పోసి నంబరు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అయితే 0001 నుంచి 9999 దాకా చూస్తే, ఒక్క అంకె మిగిలేదాకా కూడినప్పుడు 9 వచ్చేవి సరిగ్గా 1111. నాలుగు వచ్చేవీ అన్నే, ఏడు వచ్చేవీ అన్నే. 10 అంటే 9 మీద ఒకటి, 100 అంటే 99 మీద ఒకటి, 1000 అంటే 999 మీద ఒకటి. అందుకే అంకెలు కూడటమంటే ఆ నంబరును తొమ్మిదితో భాగించి శేషం చూడటమే. శేషం సున్నా అయితే 9 వస్తుంది. ఇది తెలిస్తే పని సగం తగ్గుతుంది: 7258లో 7, 2 కలిస్తే తొమ్మిది, వాటిని కొట్టేయండి. 5, 8 కలిస్తే 13, అంటే 4. అయిపోయింది.

పిల్లలతో కారులో వెళ్తుంటే ఇంతకన్నా మంచి ఆట ఒకటుంది. ఇక నుంచి ఎదురొచ్చే 20 బండ్లలో రెండింటికైనా చివరి రెండంకెలు ఒకటే ఉంటాయని పందెం వేయండి. 00 నుంచి 99 దాకా నూరు రకాలున్నాయి, చూసేది 20 బండ్లే కదా అని అవతలివాళ్లు వెంటనే ఒప్పేసుకుంటారు. కానీ మీరు గెలిచే అవకాశం 87 శాతం!

ఇక్కడ లెక్కపెట్టాల్సింది బండ్లను కాదు, జతలను. రెండో బండిని మొదటిదానితోనే పోల్చాలి. ఇరవయ్యో బండి వచ్చేసరికి దాన్ని ముందు వెళ్లిన 19 బండ్లతోనూ పోల్చవచ్చు. అన్నీ కలిపితే 190 జతలు. ఒక్కో జత కలిసే అవకాశం నూటికి ఒకటే అయినా, అన్ని జతలూ తప్పిపోవడం కష్టం. 12 బండ్ల దగ్గర గెలుపోటములు దాదాపు సమానం, పదమూడో బండితో మొగ్గు మీవైపే. పైగా మనవాళ్లు 99 లాంటి ఫ్యాన్సీ నంబర్లు ఎగబడి కొంటారు. కొన్ని అంకెలు ఇలా ఎక్కువగా తిరిగే కొద్దీ జత కుదిరే అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు పందెం కొంచెం మార్చండి. ఏవో రెండు కలవడం కాదు, మన ఇంటి నంబరు 42 రావాలి అనండి. 20 బండ్లలో అది కనిపించే అవకాశం 18 శాతమే. సగానికి సగం అవకాశం కావాలంటే 69 బండ్లు చూడాలి. ‘ఇవాళ ఒకే నంబరు రెండుసార్లు కనిపించింది, ఏదో జరగబోతోంది’ అని టెన్షన్ పడేవాళ్లకు నేను చూపించేది ఈ తేడానే. ఫలానా నంబరే రావడం అరుదు, ఏదో ఒక నంబరు రెండోసారి రావడం మామూలు.

నాలుగంకెలూ కలవాలన్నా మీరనుకున్నంత కష్టం కాదు. రకాలు నూటి నుంచి పదివేలకు, అంటే వంద రెట్లు పెరిగినా, కావాల్సిన బండ్లు దాదాపు పది రెట్లే పెరుగుతాయి. 120 బండ్లు చూస్తే అవకాశం సగం దాటుతుంది. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్‌గేటు దగ్గర లైన్లో ఇరుక్కుంటే, అన్ని బండ్లు అక్కడే దొరుకుతాయి. నంబర్లు గుర్తుండవు కాబట్టి ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.