అవుట్‌డోర్ వైఫై: కింద నుంచి చూసేవాళ్ల అపోహలు, నిచ్చెన ఎక్కినోడి వాస్తవాలు

మాది గుంటూరు. సీసీ కెమెరాలు బిగించడంతో మొదలుపెట్టా, ఇప్పుడు ఎక్కువగా బయట పెట్టే యాక్సెస్ పాయింట్ల (ఫోన్లకి వైఫై అందించే డబ్బాలు) పనే. మిర్చి కోల్డ్ స్టోరేజీలు, బెజవాడ అపార్ట్‌మెంట్లు, కళ్యాణ మండపాలు, హాస్టళ్లు, మంగళగిరి వైపు కొత్త విల్లాలు, ఎక్కడికెళ్లినా అవే మాటలు వినపడతాయి, ఒక్కొక్కళ్లకి ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఎంత ఎత్తులో పెడితే అంత దూరం కొట్టుద్ది

ఇది అందరికంటే పెద్ద అపోహ, నేను కూడా మొదట్లో నమ్మినదే. చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు పట్టుబట్టి బిల్డింగ్ నెత్తి మీద పైపు నిలబెట్టించి దాని కొసన పెట్టించుకున్నారు. తీరా చూస్తే కింద కాటా దగ్గర లారీ డ్రైవర్ ఫోన్లో వైఫై పేరు కూడా కనపడట్లేదు, రోడ్డు అవతల ఉన్న టీకొట్టు వాడికి మాత్రం ఫుల్ సిగ్నల్. ఎందుకంటే చుట్టూతా కొట్టే యాంటెన్నా సిగ్నల్ బంతి లాగా ఉండదండీ, గారె లాగా ఉంటుంది. గారె చిల్లులో యాంటెన్నా నిలబడి ఉందనుకోండి, పిండంతా పక్కలకే, పైనా కిందా ఖాళీ. తక్కువ డీబీఐ (సిగ్నల్‌ని యాంటెన్నా ఎంత కూడగట్టి కొట్టుద్దో చెప్పే కొలత) యాంటెన్నా అయితే లావు గారె, డీబీఐ పెరిగే కొద్దీ అదే పిండిని చేత్తో నొక్కినట్టు పలచనై అప్పడంలా పరుచుకుంటుంది, దూరం వెళ్లుద్ది కానీ మందం పోద్ది. ఆ అప్పడం మన నెత్తి మీదుగా వెళ్లి టీకొట్టు మీద పడింది.

దాన్ని దించి గోడకి నాలుగైదు మీటర్ల ఎత్తులో, ఒకవైపే కొట్టే సెక్టార్ రకం తెచ్చి మూతి కొంచెం కిందకి వంచి బిగించాం, కాటా దగ్గరా, షెడ్డు ముందరా అన్నిచోట్లా వచ్చేసింది. పైపుకి పెట్టిన ఖర్చు మాత్రం దండగ. ఇప్పుడు దానికి జెండా కడుతున్నారు ఆగస్టు 15కి.

అపోహ: పవర్ ఫుల్‌గా పెట్టెయ్ బాబూ, డబ్బులిచ్చాం కదా

రామాలయం మైకు మూడు వీధుల దాకా వినపడుద్ది కదా, మీరు మీ అరుగు మీద కూర్చుని పంతులు గారికి జవాబు చెప్తే ఆయనకి వినపడుద్దా? వైఫై కూడా అంతే. యాక్సెస్ పాయింట్ ఎంత గట్టిగా అరిచినా ఫోను దానికి జవాబు చెప్పాలి, ఫోన్లో వైఫై బలం దగ్గర దగ్గర వంద మిల్లీవాట్లు, చాలావాటికి అంతకంటే తక్కువే. అందుకే ఫోన్లో గీతలన్నీ నిండుగా కనపడతాయి, వాట్సాప్ ఫోటో మాత్రం గుండ్రంగా తిరుగుతానే ఉంటుంది. గీతలు చెప్పేది మీకు వినపడుతోందని మాత్రమే, మీ మాట అవతలికి వినపడుతోందని కాదు.

ఇంకో తంటా ఏంటంటే, రెండు మూడు పాయింట్లు ఉన్నచోట అన్నిటినీ ఫుల్‌లో పెడితే ఫోను మొదట పట్టుకున్నదాన్ని వదలదు, గేటు దగ్గర కనెక్ట్ అయిన ఫోను వెనక బ్లాకు దాకా దాన్నే ఈడ్చుకుంటూ వస్తుంది, పక్కనే వేరేది ఉన్నా. ఈ డబ్బాలు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల రేడియో తరంగాలు వాడతాయి, నేనైతే 2.4 పవర్‌ని బాగా తగ్గించి 5 గిగాహెర్ట్జ్‌ని కొంచెం పైన ఉంచుతా, తర్వాత నడిచి చూసి మారుస్తా.

కొంతమంది తెలివిగలవాళ్లు సెట్టింగ్స్‌లో దేశం మార్చి వేరే ఏదో పెడతారు, పవర్ ఎక్కువ వస్తుందని. అట్టా చెయ్యొద్దు. మన దగ్గర 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్ల దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, ఫోన్లతో మాట్లాడే పనికి అది ఎక్కువే. 5 గిగాహెర్ట్జ్ బయట పెట్టకూడదు అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, అది పాత మాట, 2018 అక్టోబర్‌లో వచ్చిన నోటిఫికేషన్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర ఇంటా బయటా లైసెన్సు అక్కర్లేకుండా ఇచ్చేశారు, ఒక్కో ముక్కకి పవర్ హద్దు ఉంది అంతే. దేశం ఇండియా అని పెట్టుకుంటే ఆ హద్దులు అదే చూసుకుంటుంది.

అపోహ: ఐపీ 67 అని రాసుంది, ఇక వానకి భయం లేదు

దీని మీద కొంచెం ఎక్కువే చెప్తా, నాకొచ్చే రిపేర్లలో సగం ఇవే. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. 67 అంటే దుమ్ము అస్సలు పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా లోపలికి నీళ్లు రావు. ఎప్పుడు? మూత సరిగ్గా పెట్టి, వైరు దూరే చోట రబ్బరు బిగిస్తే. మనోళ్లు ఏం చేస్తారంటే కనెక్టర్ ఆ రబ్బరులోంచి దూరట్లేదని దాన్ని తీసి అట్టపెట్టెలోనే పడేసి వస్తారు. అయిపోయింది, ఇక ఆ 67 స్టిక్కర్ మీద ఉన్న అంకె మాత్రమే.

నీళ్లు పై నుంచి వస్తాయనుకుంటాం, వైరు పట్టుకుని వస్తాయి. పై నుంచి దిగే వైరు నేరుగా సాకెట్‌లోకి వెళ్తే వాన బొట్టు దాని మీదుగా జారి తిన్నగా లోపలికే పోద్ది. వైరుని సాకెట్ కంటే కిందకి ఒక వంపు తిప్పి మళ్లీ పైకి తెచ్చి పెట్టాలి, బొట్టు వంపు దగ్గరే రాలిపోద్ది, పైసా ఖర్చు లేదు. సాకెట్ ఎప్పుడూ కింద వైపే చూడాలి. ఒక హాస్టల్లో యాక్సెస్ పాయింట్ శుభ్రంగా ఉంది కానీ కింద గదిలో ఉన్న పవర్ అడాప్టర్‌లో నీళ్లు! పైన పిట్టగోడ అంచుకి రాసుకుని వైరు తోలు చీలింది, ఆ చీలికలోంచి నీళ్లు వైరు లోపలే గొట్టంలో దిగినట్టు రెండంతస్తులు దిగి అడాప్టర్‌లో తేలాయి. సాకెట్ పిన్నులు చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, పాత రాగి చెంబులాగా.

ఎం-సీల్, సిలికాన్ పూసేస్తాం అంటారు ఇంకొందరు. పూయండి, కానీ అడుగున చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయొద్దు, లోపల పట్టిన చెమ్మ బయటికి పోడానికి పెట్టింది అది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో నేను బిగించిన ఒకచోట పైన స్తంభం మీద ఉన్నదానికి ఏమీ కాలా, మెట్ల కింద పెట్టిన స్విచ్చీ (నెట్ వైర్లన్నీ కలిపే పెట్టె), రౌటరూ మునిగిపోయాయి. అప్పటినుంచి కిందంతస్తులో కూడా తల కంటే ఎత్తులోనే బిగిస్తున్నా, ఓనర్లు అందట్లేదని తిట్టినా సరే.

అపోహ: నెట్ వైరు ఏదైనా ఒకటే

కాదండీ బాబూ కాదు. చవగ్గా వచ్చే కట్టలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం, దానిలో కరెంటుకి అడ్డు ఎక్కువ. ఈ డబ్బాలకి కరెంటు కూడా అదే వైరులో పోవాలి కదా, దాన్నే పీఓఈ అంటాం. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో స్విచ్ దగ్గర 15.4 వాట్లు బయల్దేరితే వంద మీటర్ల మంచి వైరు చివర 12.95 వాట్లు గ్యారంటీ అని లెక్క. అల్యూమినియం వైరుకి ఆ లెక్క వర్తించదు. అప్పుడు ఏమవుద్దంటే పగలంతా బానే ఉంటుంది, సాయంత్రం అందరూ ఇళ్లకి చేరి వీడియోలు పెట్టగానే రేడియో ఎక్కువ పవర్ లాగుద్ది, అది అందక డబ్బా ఆగి మళ్లీ స్టార్టవుద్ది. వాళ్లేమో డబ్బా చెడిపోయిందని రెండోది కొంటారు, మూడోది కూడా కొన్న అపార్ట్‌మెంట్ ఒకటుంది పటమటలో.

వైరు అసలుదో కాదో అయస్కాంతం పెట్టి చూస్తున్నారు కొంతమంది, అది ఇంకో అపోహ, రాగికీ అంటదు అల్యూమినియానికీ అంటదు. బ్లేడుతో తీగ గీకండి, లోపల తెల్లగా వస్తే అల్యూమినియం. కట్ట చేత్తో ఎత్తినా తెలుసుద్ది, తేలిగ్గా ఉంటుంది. ఇక బయటికి నల్ల తోలు వైరే వాడాలి, ఇంట్లో వాడే బూడిదరంగుది మన ఎండలకి రెండేళ్లలో పెళుసై అప్పడంలా విరిగిపోద్ది.

పీఓఈ అన్నీ ఒకటే అనుకోవద్దు. కొన్ని డబ్బాలు 24 వోల్టుల పాసివ్ రకం, వాటికి వాటి అడాప్టరే వాడాలి. ఏఎఫ్ స్విచ్ ముందు అవతల ఎవరున్నారని అడిగి గానీ కరెంటు ఇవ్వదు, పాసివ్ అడాప్టర్ అడగదు, పోసేస్తుంది, తప్పు పరికరం తగిలితే పొగే.

అపోహ: ఎండకి కాలిపోద్ది, ఇనప పెట్టెలో పెట్టండి

బెజవాడ ఎండ 45 దాటుద్ది నిజమే, కానీ బయట పెట్టడానికి చేసిన డబ్బాలు చాలావరకు 60, 70 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఇనప పెట్టెలో పెడితే లోపల పొయ్యి, పైగా ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది. ఉత్తరం గోడకి నీడలో పెడితే చాలు.

అపోహ: వానొస్తే లింకు పోద్ది

రెండు బిల్డింగుల మధ్య వైర్‌లెస్ లింకు కట్టిన ప్రతిచోటా ఈ మాట. 5 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు దూరానికి వాన చేసే నష్టం లెక్కలోకి రాదు, 10 గిగాహెర్ట్జ్ దాటినవాటికి అది సమస్య. వాన రోజు లింకు పడిపోతే రెండే కారణాలు చూస్తా, ఒకటి పైన చెప్పిన నీళ్లు, రెండు తడిసిన చెట్టు ఆకులు.

చెట్టంటే గుర్తొచ్చింది. మాఘమాసం చివర్లో ఒక లింకు కట్టాం, మధ్యలో వేపచెట్టు ఆకు రాల్చి మోడులా ఉంది, అవతలి డిష్ కంటికి చక్కగా కనపడుతోంది, టెస్టు చేసి డబ్బులు తీసుకుని వచ్చేశా. ఉగాదికి ఫోన్, లింకు చచ్చిపోయిందని. వెళ్లి చూస్తే వేప చిగురేసి పూత మీదుంది. పచ్చట్లోకి పువ్వు ఇస్తాం గానీ ముందు ఇది బాగుచెయ్యి అన్నాడు ఓనరు. కంటికి కనపడితే సరిపోదు, సిగ్నల్‌కి దారి చుట్టూ కూడా ఖాళీ కావాలి, కిలోమీటరు లింకుకి 5.8 గిగాహెర్ట్జ్‌లో సరిగ్గా మధ్యలో దాదాపు 3.6 మీటర్ల వ్యాసార్థం. దానిలో కనీసం అరవై శాతమన్నా అడ్డు లేకుండా చూసుకోవాలి. ఆ రోజు రెండు వైపులా పైపులు పెంచా, నా సొంత ఖర్చుతో.

అపోహ: సెట్టింగ్స్‌లో ఏముంది, పేరూ పాస్‌వర్డే కదా

పేరూ పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తే రెండు రోజులకి సగం ఫోన్లకి నెట్ రాదు. కారణం, కొత్త డబ్బా కూడా రౌటర్ మోడ్‌లోనే ఉండి అది కూడా ఫోన్లకి ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో ఫోనుకీ ఇచ్చే నంబర్లు, పైన చెప్పిన ఐపీ 67 వేరు) పంచుతోంది, ఇంట్లో ఇద్దరు పెత్తందార్లు అన్నమాట. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి, ఐపీలు పంచే పని మెయిన్ రౌటర్‌ ఒక్కదానికే ఉంచాలి. డబ్బా సొంత ఐపీ రౌటర్‌ది ఒకటే కాకుండా చూడండి, రెండూ 192.168.1.1 అయితే ఇక గోలే గోల.

కళ్యాణ మండపాల్లో వేరే కథ. మామూలు రౌటర్ పంచగలిగేది 250 చిల్లర ఐపీలు, పెళ్లికి వచ్చేది ఆరొందల మంది. పొద్దున టిఫిన్‌కి వచ్చినోళ్ల ఫోన్లు ఐపీ తీసుకుని వెళ్లిపోతాయి, అది 24 గంటలు వాళ్ల పేరు మీదే ఉంటుంది, ముహూర్తానికి వచ్చినోళ్లకి ఖాళీ లేదు. బంతి భోజనంలో తిని లేచినోళ్ల ఆకులు తియ్యకుండా కొత్తవాళ్లని కూర్చోమన్నట్టు. గడువు గంటకి తగ్గించండి, ఐపీల పరిధి పెంచండి, అతిథుల నెట్‌వర్క్‌ని ఆఫీసు, కెమెరాల నెట్‌వర్క్ నుంచి విడదీయండి.

వైఫై పేరు దాచేస్తే ఎవరూ దొంగిలించలేరు అనేది కూడా తప్పే. పేరు దాచినా ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌కి కూడా ఒక నెట్‌వర్క్ ఉందని కనపడుద్ది, పైగా మీ ఫోనే వెళ్లిన ప్రతిచోటా ఆ పేరు పిలుచుకుంటూ తిరుగుద్ది. గట్టి పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 గానీ 3 గానీ, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, ఇవే కాపలా. 2.4లో 1, 6, 11 ఛానళ్లలో (ఒకదాని మీద ఒకటి పడని దారులు) ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఇక దాన్ని కదపొద్దు. 5లో కొన్ని ఛానళ్లు రాడార్‌తో పంచుకునేవి, వాటిని ఎంచితే డబ్బా స్టార్టయ్యాక కనీసం ఒక నిమిషం వినికిడి చేసి గానీ పేరు చూపించదు, ఆ నిమిషంలోనే పాడైపోయిందని నాకు ఫోన్ చేస్తారు.

అపోహ: పిడుగు పడే పరికరం పెడుతున్నారు, రేడియేషన్ కూడా

పిడుగుని వైఫై పిలవదు. ఎత్తున నిలబెట్టిన ఇనప పైపు పిలుస్తుంది, అందుకే డాబా మీద అన్నిటికంటే ఎత్తు మీ పైపు కాకూడదు. నేరుగా పడితే ఏదీ ఆపలేదు, దగ్గర్లో పడ్డప్పుడు వైరులోకి వచ్చే పోటుకి మాత్రం సర్జ్ ప్రొటెక్టర్ పనిచేస్తుంది, అది కూడా ఎర్త్ సరిగ్గా ఉంటేనే, ఎర్త్ లేని ప్రొటెక్టర్ తాళం వెయ్యని తలుపే. రేడియేషన్ గురించి అడిగే పెద్దావిడలకి ఒకటే చెప్తా, అమ్మా, మీ చెవికి ఆనించుకున్న ఫోను దీనికంటే మీకు చాలా దగ్గర.

పని అయ్యాక ల్యాప్‌టాప్ పెట్టి స్పీడు చూపించను. వాచ్‌మన్ ఫోన్ అడుగుతా, సాధారణంగా ఆ ఆవరణలో అందరికంటే పాత ఫోన్ అదే, దాన్ని పట్టుకుని గేటు నుంచి వెనక గోడ దాకా నడుస్తా, వీడియో ఆగకుండా ఆడితే అప్పుడు బిల్లు రాస్తా.