ఆంధ్రప్రదేశ్ మ్యాపుకు మూడు జోన్లు ఎందుకొచ్చాయి?

ఆంధ్రప్రదేశ్ మొత్తాన్ని ఒకే మ్యాపులో చూపించాలని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరిస్తే మొదటి చిక్కు యూటీఎమ్ జోన్ (మ్యాపుల కోసం భూమిని నిలువుగా విడదీసిన పట్టీల్లో ఒకటి) దగ్గరే వస్తుంది. అనంతపురం 43వ జోన్‌లో ఉంది. విజయవాడ, విశాఖ 44లో. ఇచ్ఛాపురం ఏకంగా 45లో. తెలంగాణలోనూ అంతే: హైదరాబాద్ 44 అయితే వికారాబాద్ 43.

మన పాత కొలతలు 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే నుంచి వచ్చాయి. ఆ పని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి కొన్ని అంకెలు కట్టాడు. ఇప్పటి లెక్కతో పోలిస్తే ఆయన భూమి వ్యాసార్థం భూమధ్యరేఖ దగ్గర 860 మీటర్లు తక్కువ. అయినా మన దేశానికి అది బాగానే అతికింది, ఎందుకంటే కొలిచింది ఇక్కడే. మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్ ఆ కొలతలకు మూలబిందువు. టోపోషీట్లు (నేల వివరాలు చూపే సర్వే మ్యాపులు) పాలీకోనిక్ ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే ఒక పద్ధతిలో, వచ్చేవి. విడిగా ఏ షీటుకాషీటు బాగుంటుంది, నాలుగైదు కలిపి పరిస్తేనే అంచులు కలవవు.

జీపీఎస్‌తో భూమి మొత్తానికి సరిపోయే కొత్త కొలమానం డబ్ల్యూజీఎస్-84 వచ్చింది. పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా దాని మీద పెడితే హైదరాబాద్ ప్రాంతంలో స్థానం వంద మీటర్లకు పైగా జరుగుతుంది. 2005 జాతీయ మ్యాప్ విధానం ప్రజలకిచ్చే షీట్లను డబ్ల్యూజీఎస్-84కు, యూటీఎమ్‌కు మార్చింది. యూటీఎమ్‌ను 1940ల్లో అమెరికా సైన్యం ప్రపంచమంతటికీ కలిపి తయారుచేసుకుంది. ఆరేసి డిగ్రీల చొప్పున 60 జోన్లు, లెక్క 180వ రేఖాంశం నుంచి. అలా 78, 84 డిగ్రీల గీతలు మన మీదుగా పోయాయి. రాష్ట్రాల సరిహద్దులతో దానికేం పని?

44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీలు. హైదరాబాద్ దానికి రెండున్నర డిగ్రీలు పడమర. మధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ మ్యాపులో కొలతలు సాగుతాయి. అందుకే అక్కడ కిలోమీటరుకు దాదాపు అర మీటరు, ఎకరానికి ఐదు గజాలు ఎక్కువ చూపిస్తుంది. రోడ్ల మ్యాపుకు ఇది లెక్కలోకి రాదు గానీ, కోకాపేటలో ఐదు గజాలంటే మాటలా? ఆన్‌లైన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ మీద విస్తీర్ణం కొలవడం ఇంకా దారుణం, వంద ఎకరాలు నూటపదికి చేరతాయి.

మండలం వరకైతే దాని యూటీఎమ్ జోన్ చాలు. రాష్ట్రమంతటికీ లాంబర్ట్ కన్ఫార్మల్ కోనిక్ అనే ప్రొజెక్షన్ మేలు. జాతీయ స్పేషియల్ ఫ్రేమ్‌వర్క్ కింద ఒక్కో రాష్ట్రానికి విడిగా దీని విలువలు ఖరారు చేశారు, సాఫ్ట్‌వేర్ జాబితాలో రాష్ట్రం పేరుతోనే దొరుకుతాయి. జిల్లాల విస్తీర్ణాలు పోల్చాలంటే మాత్రం విస్తీర్ణాన్ని మార్చని ఆల్బర్స్ ప్రొజెక్షన్ వాడాలి. పాత టోపోషీటు స్కాన్ చేసేవాళ్లు ముందు దానికి కళ్యాణ్‌పూర్ డేటమ్ (ఎవరెస్ట్ అంకెలతో, ఆ మూలబిందువు నుంచి లెక్కించే పాత కొలమానం) ఇచ్చి, ఆ తర్వాతే డబ్ల్యూజీఎస్-84కు మార్చుకోవాలి.