ఓజే 287: పన్నెండేళ్ల మెరుపుల లెక్క

కర్కాటక రాశి దిశలో, సుమారు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఓజే 287 అనే చురుకైన గెలాక్సీ ఉంది. సూర్యుడు, గ్రహాలు కదిలే దారికి దగ్గరగా ఉండటంతో, వేరే వాటి కోసం తీసిన ఫొటోల్లో ఇదీ పడుతూ వచ్చింది. రేడియో సర్వేలో బయటపడ్డాకే శాస్త్రవేత్తలు ఆ పాత ఫొటోల గాజు పలకల్లో దాన్ని వెతికారు. అలా వెలుగు లెక్కలు 19వ శతాబ్దం చివరి దాకా దొరికాయి.

1988లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఐమో సిలన్‌పా బృందం వాటిలో దాదాపు 12 ఏళ్లకోసారి వచ్చే మెరుపును గుర్తించింది. ఆ గెలాక్సీ నడుమ పెద్ద కృష్ణబిలం చుట్టూ చిన్నది తిరుగుతోందని ప్రతిపాదించి, 1994 ప్రాంతంలో మళ్లీ వెలుగుతుందని చెప్పింది. వెలిగింది! చిన్న కృష్ణబిలం పెద్దదాని చుట్టూ ఉన్న వాయు చక్రాన్ని ప్రతి చుట్టులో రెండుసార్లు చీల్చుకుపోతుందని 1996లో లెహ్తో, వాల్టోనెన్ వివరించారు. ఈ నమూనా ప్రకారం పెద్దది 1,800 కోట్ల సూర్యుళ్లంత బరువు.

ఇంత నమ్మకం అన్నిచోట్లా చెల్లదు. 2015లో పీజీ 1302-102 అనే క్వేసార్ (కృష్ణబిలంలోకి పడే వాయువు వల్ల మహా ప్రకాశంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) వెలుగు 5.2 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతోందని ఒక బృందం ప్రకటించింది. కానీ సర్వే సాగింది తొమ్మిదేళ్లే, అంటే రెండు చుట్లు కూడా పూర్తి కాలేదు. మరుసటి ఏడాది వాన్ బృందం కంప్యూటర్‌లో యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను సృష్టించి చూస్తే, వాటిలోనూ అలాంటి అలలే కనిపించాయి. కృష్ణబిలంలోకి వాయువు సమానంగా పడదు. నెమ్మదిగా సాగే ఆ ఒడిదొడుకులు కొద్ది కాలం చూస్తే క్రమబద్ధంగా తోస్తాయి. అందుకే ముందు తేదీ చెప్పి, ఆ తర్వాత ఆకాశం వైపు చూడటాన్నే నేను అసలైన పరీక్షగా లెక్కిస్తాను.

ఓజే 287 ఆ పరీక్షలో అద్భుతంగా నెగ్గింది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన లంకేశ్వర్ దే, గోపకుమార్ తదితరులు 2019 జూలై 31 నాటి మెరుపును ముందే లెక్కగట్టారు. అప్పుడు భూమి నుంచి చూస్తే అది సూర్యుడి వెనుక ఉంది. భూమికి దూరంగా, సూర్యుడి చుట్టూ తిరుగుతున్న స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు మాత్రం చూడగలిగింది. మెరుపు వారు చెప్పిన సమయానికి గంటల తేడాలోనే వచ్చింది.

2022 అక్టోబరులో ఆశించిన మెరుపు మాత్రం రాలేదని, పెద్ద కృష్ణబిలం బరువు 10 కోట్ల సూర్యుళ్లకు మించదని కొమోసా బృందం వాదించింది. అది జూలైలోనే, సూర్యుడు అడ్డున్నప్పుడే జరిగిపోయిందని వాల్టోనెన్ బృందం సమాధానం. ఎవరూ చూడలేని తేదీని గెలుపుగా లెక్కించలేం. స్పిట్జర్‌ను 2020 జనవరిలోనే విరమింపజేశారు. ఆ జూలైలో అక్కడి నుంచి చూసే కన్ను లేదు.