"నా చెయ్యి ఒగ్గేయమ్మా": పిలవని వైద్యం వెనుక కథ

మా మావయ్యది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. వారానికి మూడుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాడు. ఎడమ చేతికి మణికట్టు పైన ఫిస్టులా ఉండేది. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఆ చోట నరం తాడులా ఉబ్బి, వేలు ఆనిస్తే లోపల రక్తం జుయ్యిమని తిరగడం తెలుస్తుంది. ఆ కదలిక ఆగిందంటే సూది గుచ్చే దారి మూసుకుపోయినట్టే. అందుకే ఆ చేత్తో బరువులెత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, నిద్రలో దాని మీద ఒరగకూడదు. మావయ్య పొద్దున్నే లేచి, కుడిచేతి వేళ్లతో ఆ జుయ్యిని చూసుకున్నాకే మొహం కడుక్కునేవాడు.

ఒక ఆదివారం విజయనగరం నుంచి బంధువొకావిడ వచ్చింది. చేతులు ఆనించి శక్తి పంపుతామనే జపాన్ వైద్యం రేకీలో రెండో డిగ్రీ పూర్తి చేసింది. మంచి మనిషి, ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తే మనిషి. మంచం పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ చేతినే రెండు చేతులతో పట్టుకుంది. కాసేపటికి "చూశావా అన్నయ్యా, శక్తి ఎలా ప్రవహిస్తోందో!" అంది. ఆవిడ చేతికి తగిలింది సర్జన్ కుట్టిన నరంలో తిరిగే రక్తం. మావయ్య "నా చెయ్యి ఒగ్గేయమ్మా" అన్నాడు. వదల్లేదు. మళ్లీ అన్నాడు. మా అత్త "పోనిద్దురూ, మంచికే కదా" అని సర్దింది. వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మంలో నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్యకి నమ్మకం తక్కువ. అందుకే రక్తంలో క్రియాటినిన్ దిగట్లేదు" అంది.

నా మనసులో ముల్లులా ఉండిపోయింది ఆ మాటే. జబ్బు ఇచ్చిన బాధ చాలదన్నట్టు, తగ్గకపోవడం కూడా రోగి తప్పే అయిపోయింది. ఇందులో ఆవిడ ఒక్కదాన్నే తప్పుబట్టి లాభం లేదు. అడక్కుండా చెయ్యి వేసే అలవాటు మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

మొదట ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా తిష్ఠ వేసింది. నీళ్లా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు వంచి చేసే పనా అని పరీక్షలు ఎన్నో జరిగాయి. ఇదీ కారణం అని ఒక్కటీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది 2023 డిసెంబరులో. అంతకుముందు ఏళ్లలో చాలా కుటుంబాలకు పెద్ద వైద్యం అంటే విశాఖ కేజీహెచ్ రైలు టికెట్టే. కారణం తెలియని జబ్బు, దూరపు ఆస్పత్రి, పక్కింట్లో వరసగా చావులు. ఇలాంటి చోటికి విబూది వస్తుంది, తాయెత్తు వస్తుంది, ప్రార్థన చేసిన నూనె వస్తుంది, ఆకు పసరు వస్తుంది, రేకీ వస్తుంది. తెచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రేమతోనే తెస్తారు. ఏమీ చేయలేకపోవడం చూస్తూ కూర్చోవడం కంటే ఏదో ఒకటి చేయడం మనిషికి తేలిక.

అయితే మన పాత పద్ధతుల్లో ఈ తొందర ఇంతగా ఉండేది కాదు. తేలు మంత్రం వేసేవాడి దగ్గరికి కుట్టించుకున్నవాడే పరిగెత్తేవాడు. అమ్మవారు పోసిన ఇంటి గడపకి వేపమండలు కట్టేవారు. అవి చూసి బయటివాళ్లు అరుగు దగ్గరే ఆగి, మంచిచెడ్డ అడిగి వెళ్లిపోయేవారు. సీతంపేట వైపు కొండల్లో సవర గిరిజనులకు జబ్బు చేస్తే, చనిపోయినవాళ్లతో మాట్లాడించే పెద్దని ఇంటికి పిలిపించుకునేవారు. ఆ పెద్ద నోట పలికే పూర్వీకుడితో ఇంటివాళ్లు వాదించేవారు, బతిమాలేవారు, ఏడ్చేవారు. ఆ వైద్యం నిజమా కాదా అన్నది వేరే చర్చ. పిలుపు మాత్రం ఆ ఇంటి నుంచే వెళ్లాలి.

అరసవల్లి సూర్యుడి గుడి సంగతీ అంతే. "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్" అని మన పెద్దలు చదివే శ్లోకంలో 'ఇచ్ఛేత్' అనే క్రియ ఉంది. ఆరోగ్యాన్ని సూర్యుడి దగ్గర కోరుకోవాలి అని. ఆ కోరిక కోరేవాడిది. రథసప్తమికి అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడే జనం తమ కాళ్లతో తాము నడిచి వస్తారు. దేవుడు ఎవరి మంచం దగ్గరికీ వచ్చి చెయ్యి పట్టుకోడు.

అలాగని పాతదంతా మంచిదని నేను అనను. చిల్లంగి (చేతబడి) పెట్టారని అనుమానించి మనుషుల్ని కొట్టిన ఊళ్లు మన వైపే ఉన్నాయి. దెయ్యం పట్టిందని ఆడపిల్ల జుట్టు పట్టుకుని వేపమండలతో బాదడమూ పిలవని వైద్యమే. ఆ పిల్ల పిలవలేదు, ఇంటివాళ్లు పిలిచారు. ఈ తేడా దగ్గరే మనం ఎప్పుడూ జారిపోతాం.

ఇరవయ్యో శతాబ్దంలో కొత్త దారులు వచ్చాయి. కుంభకోణంలో మాస్టర్ సి.వి.వి. 1910లో తన యోగమార్గం మొదలుపెట్టారు. అది కోస్తా జిల్లాల్లో బాగా పాకింది. ఇప్పటికీ పొద్దున్న ఆరుకీ సాయంత్రం ఆరుకీ ప్రార్థనలో కూర్చునే ఇళ్లు ఉన్నాయి, రోగుల కోసం ప్రార్థించేవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో మికావో ఉసుయి 1922లో రేకీ నేర్పడం మొదలుపెట్టి, 1926లో పోయాడు. ఆయన శిష్యుడు, నౌకాదళ వైద్యుడు హయాషి దగ్గర నేర్చుకున్న హవాయో టకాటా 1937లో దాన్ని హవాయికి తీసుకెళ్లింది. 1980లో పోయేలోగా ఆమె 22 మందిని మాస్టర్లుగా తయారుచేసింది. అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగి తొంభైల్లో మన పట్టణాల్లో వారాంతపు క్లాసుగా దిగింది. ఫిలిప్పీన్స్ నుంచి చోవా కోక్ సూయి నేర్పిన, ముట్టుకోకుండానే శక్తితో నయం చేస్తామనే ప్రాణిక్ హీలింగ్ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వచ్చింది.

ఈ క్లాసులతో రెండు మార్పులు జరిగాయి. పాత మంత్రగాడు ఊరికి ఒకడో ఇద్దరో. ఇప్పుడు రెండు రోజుల్లో పాతికమంది సర్టిఫికెట్‌తో బయటికి వస్తారు. నేర్చుకున్నది సాధన చేయాలంటే మనుషులు కావాలి, అందరికంటే ముందు దొరికేది మంచం మీద ఉన్న చుట్టమే. రెండోది దూరం నుంచి పంపడం. పేరు, ఫోటో ఉంటే చాలు, పక్క జిల్లాలో ఉన్నవాళ్లకీ పంపవచ్చు అన్నారు. గడప దాటాల్సిన పనే లేనప్పుడు గుమ్మం దగ్గర ఆగి అడగడం అనే మర్యాద ఎక్కడుంటుంది?

నిజానికి రేకీలోనే దీనికి జవాబుంది. టకాటా తన శిష్యులకు ఒక కథ చెప్పేది. ఉసుయి క్యోటోలో బిచ్చగాళ్ల పేటకి వెళ్లి ఏళ్ల తరబడి ఊరికే వైద్యం చేశాడట. బాగుపడి వెళ్లినవాళ్లు మళ్లీ అడుక్కోవడానికే వచ్చారట. అప్పుడు ఆయనకి అర్థమైందట, కోరుకోనివాడికి ఇవ్వకూడదని. ఇది చరిత్రలో జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు, బిచ్చగాళ్ల మీద అందులో ఉన్న చిన్నచూపు నాకు నచ్చదు కూడా. కానీ 'అడిగినవాడికే' అన్న నియమం ఆ పరంపర లోపలే ఉంది. వారాంతపు క్లాసు దాకా వచ్చేసరికి అది ఎక్కడో రాలిపోయింది.

"దూరం నుంచి ప్రార్థిస్తే నష్టమేముంది?" అని నన్ను చాలామంది అడిగారు. అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతం మందికి, జరగనివారిలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు అని చెప్పిన జట్టులో 59 శాతం. అది యాదృచ్ఛికమే కావచ్చని పరిశోధకులే అన్నారు. ప్రార్థన చేసేవాళ్లని పిలిచేంతగా నా పరిస్థితి దిగజారిందా అని రోగికి టెన్షన్ పుట్టి ఉండొచ్చని వాళ్లలో ఒకరు ఊహించారు. నాకు ఆ ఊహ దగ్గర మావయ్య మొహం కనిపిస్తుంది. ప్రతి కొత్త విబూది పొట్లంతోనూ ఆయన కొంచెం బెదిరేవాడు.

చట్టం ఇక్కడ కొంత దూరమే వస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో మంత్రం, కవచం, తాయెత్తు అనే మాటలే ఉన్నాయి. అవి ఫలానా జబ్బుల్ని నయం చేస్తాయని ప్రకటించకూడదు. ఆ జబ్బుల పట్టికలో బ్రైట్స్ డిసీజ్ ఉంది, అంటే కిడ్నీ జబ్బుకి పాత పేరు. కానీ ఆ చట్టం ఆపేది ప్రకటనల్ని. మంచం పక్కన కూర్చున్న చుట్టాన్ని కాదు. మానసిక రోగుల విషయంలో ఇంకా ఆలస్యమైంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న, స్వస్థత కోసమని ఇంటివాళ్లు వదిలిపెట్టిన 28 మంది గొలుసులతో కట్టేసి ఉండగానే మంటల్లో కాలిపోయారు. గొలుసులు వేయకూడదని చట్టంలో రాసుకోవడానికి మనకు 2017 దాకా పట్టింది.

డాక్టర్ల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో సూటిగా చెప్పింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. తల్లి ఒప్పుకుంటే చాలదు, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కానప్పుడు ఆమె మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సింది అని కోర్టు అంది. కత్తి పట్టుకున్నవాడికి ఉన్న ఈ బాధ్యత చెయ్యి వేసేవాడికి ఎందుకుండకూడదు? మా అత్త "మంచికే కదా" అన్నది ప్రేమతోనే. కానీ ఆ చెయ్యి అత్తది కాదు.

ఉద్దానంలో ఇంటికి ఎవరొచ్చినా కొబ్బరి బొండం కొట్టి చేతికివ్వడం మర్యాద. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండెకే ముప్పు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లు కత్తి తీసే ముందు "బొండం తాగొచ్చా బావూ?" అని అడుగుతున్నారు. ఎవరూ చిన్నబుచ్చుకోవడం లేదు. తరాల మర్యాదని పదిహేను, ఇరవై ఏళ్లలో మార్చుకున్నారు.

మావయ్య పోవడానికి నెల ముందు, పక్కవీధిలో ఉండే ముసలాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. పంచె కొంగున చిన్న పొట్లం.

"ఆంజనేయసామి సిందూరం తెచ్చాను. ఎట్టమంటావేటి?"

మావయ్య కొంచెంసేపు చూసి, "ఆ గూట్లో ఎట్టీ బావా. నాను ఎట్టుకుంటాను" అన్నాడు.

ముసలాయన పొట్లం గూట్లో పెట్టి, మళ్లీ అరుగు మీదికే వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ జీడిపిక్కల ధర గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.